స్కూటరు స్టాండు చప్పుడు: దెబ్బలు తిన్న పిల్లలు అమ్మానాన్నలయ్యాక

విశాఖ గాజువాకలో మేం అద్దెకున్న ఇంటి ముందు చిన్న సిమెంటు చప్టా ఉండేది. బి షిఫ్టు దిగి నాన్న ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర దాటేది. చేతక్ స్కూటరును ఆ చప్టా మీదికి ఎక్కించి స్టాండు వేసేవాడు. స్టాండు మెల్లగా పడితే ఆ రాత్రికి గండం గడిచినట్టే. ఠక్కున పడిందంటే నేను దుప్పట్లోనే పదమూడో ఎక్కం వల్లె వేసుకునేవాణ్ణి. లేపి అడిగేది అదే. పదమూడు ఏడులు తొంభై ఒకటి దాకా గడగడా వచ్చేది. పదమూడు ఎనిమిదుల దగ్గర నోరు పెగిలేది కాదు. మొదటి దెబ్బ అక్కడే, చెంప మీద పడేది. ఆ తర్వాత ఎక్కమూ గుర్తుండేది కాదు, ఏదీ గుర్తుండేది కాదు.

నాకిప్పుడు నలభై రెండేళ్ళు. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. కింద పార్కింగులో ఎవరి బండి స్టాండు గట్టిగా పడ్డా నా భుజాలు బిగుసుకుంటాయి. బిగుసుకున్నాయని నాకు తెలిసేది ఆ తర్వాతే. పాప పుట్టిన రోజు నర్సు ఆ పసిగుడ్డును తెచ్చి నా చేతుల్లో పెడితే సంతోషం కంటే ముందు భయం వేసింది. నేనూ అంతేనా? ఈ చెయ్యీ లేస్తుందా? ఆ ప్రశ్న పట్టుకుని ఏడేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను, కనబడిన డాక్టరునల్లా అడుగుతున్నాను. నాకు అర్థమైనంతలో ఆ చిక్కు విప్పి చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందు హింస అంటే ఏమిటో చూద్దాం. మన ఇళ్ళల్లో దీనికి ఎన్ని పేర్లున్నాయో గమనించారా? తొడపాశం, గోడకుర్చీ, గుంజీలు, అట్లకాడ కాల్చి వాత, కళ్ళల్లో కారం. ఇన్నింటికి పేర్లున్నాయి గానీ, అన్నింటినీ కలిపి మనం అనే మాట 'భయం చెప్పడం'. లేదంటే 'దారిలో పెట్టడం'. దెబ్బ ఒక్కటే హింస కాదు. 'నువ్వు పుట్టకపోయినా బాగుండేది' అన్న మాట, రోజుల తరబడి పలకరించకపోవడం, ఆకలేసినా పట్టించుకోకపోవడం, అమ్మను కొడుతుంటే పిల్లలు మూలన నిలబడి చూడటం, ఇంట్లో తిరిగే పెద్దమనిషి చెయ్యి పడకూడని చోట పడటం, అన్నీ హింసే.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదురైందన్నవాళ్ళు సగానికి పైనే, 53 శాతం. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది కన్న తల్లిదండ్రులే. ఈ లెక్కలు చదివినప్పుడు నన్ను నిలవనియ్యని విషయం వేరే ఉంది. అప్పుడు ఆ ప్రశ్నలకు జవాబు చెప్పిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ వాళ్ళు. చాలామందికి ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటారు. కంచరపాలెంలోనో, పెందుర్తిలోనో ఏ చంటిబిడ్డనో భుజాన వేసుకుని జోకొడుతూ ఉంటారు.

మరి వాళ్ళేం చేస్తారు? ఇక్కడ మన జనంలో రెండు మాటలున్నాయి. 'మా నాన్న కొట్టబట్టే నేనింతవాణ్ణయ్యాను' అనేది ఒకటి. దానికి తోడు 'మొక్కై వంగనిది మానై వంగునా' అనే సామెత ఎలాగూ ఉంది. రెండోది ఈ మధ్య చదువుకున్నవాళ్ళ నోట వినబడుతోంది. 'దెబ్బలు తిన్నవాడు రేపు తప్పకుండా పిల్లల్ని కొడతాడు, అదొక గొలుసు' అంటారు. మొదటి మాట తప్పని చాలామందికి తెలుసు. రెండోదీ తప్పే. పైగా నాలాంటివాళ్ళకు అది శాపంలా తగులుతుంది.

ఆ తప్పు ఎలా పుట్టిందో చెప్పడానికి ఆర్కే బీచ్ దాకా వెళ్దాం. అక్కడ మునిగిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, 'మీవాడు సముద్రంలోకి దిగాడా?' అని అడిగితే అందరూ దిగాడనే చెబుతారు. నూటికి నూరు. అంతమాత్రాన సముద్రంలోకి దిగినవాళ్ళందరూ మునిగిపోతారని కాదు కదా. ఆదివారం సాయంత్రం దిగిన వేలమంది తడిసిన బట్టలతో మురీ మిక్చర్ తింటూ ఇంటికి వెళ్ళిపోతారు. పిల్లల్ని హింసించి పట్టుబడిన తల్లిదండ్రులను వెనక్కి తిరిగి అడిగితే, చాలామంది 'మేమూ దెబ్బలు తిన్నాం' అంటారు. దాన్ని పట్టుకుని, దెబ్బలు తిన్నవాళ్ళందరూ కొడతారని తేల్చేశారు.

1979లో హంటర్, కిల్‌స్ట్రమ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒకే అధ్యయనంతో ఈ రెండు చూపులూ చూపించారు. నెలలు నిండకుండానో జబ్బుతోనో పుట్టి ఆస్పత్రిలో ఉన్న శిశువుల తల్లిదండ్రులు 282 మందిని మాట్లాడించారు. వారిలో 49 మంది చిన్నప్పుడు హింసకు గురైనవాళ్ళు. ఏడాది తర్వాత చూస్తే పదిమంది శిశువులు హింసకు గురయ్యారు. ఆ పదిమందిలో తొమ్మిదిమంది, చిన్నప్పుడు హింసకు గురైన తల్లిదండ్రుల బిడ్డలే. వెనక్కి చూస్తే తొంభై శాతం! ముందుకు చూడండి. 49 మందిలో తొమ్మిది, అంటే 18 శాతం. మిగతా నలభైమంది ఆ ఏడాది తమ బిడ్డల్ని హింసించలేదు. ఈ లెక్క చదివిన రాత్రి నేను లేచి కూర్చున్నాను. ఆ నలభైమంది గురించి నాకు ఎవ్వరూ ఎప్పుడూ చెప్పలేదు.

1987లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కాఫ్‌మన్, జిగ్లర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని లెక్క కడితే సుమారు 30 శాతం తేలింది. పదిమందిలో ఏడుగురు ఆ దారిన పోరు. అలాగని తీసిపారేయడానికీ లేదు. మామూలు జనంలో ఉండేదానికంటే ముప్పై చాలా ఎక్కువ. ఆ తర్వాత 2015లో కేథీ విడమ్ బృందం ఇంకో మెలిక చూపించింది. 1967–71 మధ్య కోర్టు రికార్డులకెక్కిన హింసకు గురై పెరిగినవాళ్ళను, వాళ్ళ పిల్లల్ని, ప్రభుత్వ రికార్డులను విడివిడిగా పరిశీలించారు. రికార్డుల్లో వీళ్ళ మీద ఫిర్యాదులు మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపున్నాయి. పిల్లల్నే నేరుగా అడిగితే మాత్రం దెబ్బల విషయంలో పెద్ద తేడా కనబడలేదు. ఒకసారి రికార్డుకెక్కిన కుటుంబం మీద అధికారుల కన్ను ఎక్కువగా ఉంటుందని, ఆ తేడాలో కొంత అలా వచ్చిందని వాళ్ళ అభిప్రాయం. నిర్లక్ష్యం, లైంగిక హింస విషయంలో మాత్రం తేడా పిల్లల మాటల్లోనూ కనబడింది. ఆ లైంగిక హింస చేసింది తల్లిదండ్రులేనని దానర్థం కాదు.

అంటే దెబ్బ ఉన్నదున్నట్టుగా తరం దాటదు. మరి దాటేదేమిటి? నాకు అసలు విషయం ఇక్కడుంది.

స్టాండు చప్పుడు దగ్గరికే మళ్ళీ వస్తాను. ఏడేళ్ళ పిల్లవాడు చప్పుడును బట్టి మనిషి కోపం కొలిచాడంటే అది చిన్న విద్య కాదు. సేథ్ పోలక్ అనే అమెరికా మనస్తత్వవేత్త పిల్లలకు మసకమసకగా ఉన్న ముఖాలను చూపించి, వాటిని మెల్లమెల్లగా స్పష్టం చేస్తూ ఏ భావమో చెప్పమన్నాడు. దెబ్బలు తిని పెరిగిన పిల్లలు కోపాన్ని మిగతా పిల్లలకంటే చాలా ముందే, తక్కువ ఆనవాళ్ళతోనే పట్టేశారు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం ఆ ఇంటికి తగ్గట్టు పదునెక్కుతుంది. చప్పుడు వినగానే కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు ఒంట్లోకి దూకుతాయి, గుండె కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. ఆ పిల్లవాణ్ణి ఆ ఇంట్లో కాపాడింది ఆ పదునే. దాన్ని జబ్బు అనడానికి నాకు నోరు రాదు.

చిక్కు ఎక్కడంటే, ఇల్లు మారినా ఆ పదును మారదు. తనకే బిడ్డ పుడుతుంది. ఆ బిడ్డ రాత్రి రెండు గంటలకు గుక్కపట్టి ఏడుస్తుంది. ఏ తల్లికైనా తండ్రికైనా ఆ ఏడుపు కంగారు పుట్టిస్తుంది, అది ప్రకృతి పెట్టిందే. కానీ ఒంట్లో అలారం ముందే బిగించి ఉన్న మనిషికి అది కంగారుతో ఆగదు. ఏడుపు తన మీదికొస్తున్న దాడిలా వినబడుతుంది. పోలక్ చూపించిన ముఖాల్లో ఉన్నది నిజంగా కోపమే. బిడ్డ ముఖంలో ఉన్నది కోపం కాదు, ఆకలో కడుపునొప్పో నిద్రో. పాత కళ్ళు దాన్నీ కోపంగానే చదువుతాయి. 'కావాలనే ఏడుస్తోంది', 'నన్ను సాధిస్తోంది', 'నేనంటే లెక్కలేదు దీనికి' అనే మాటలు అక్కడ పుడతాయి. పిల్లల్ని కొట్టే తల్లిదండ్రుల మీద జరిగిన పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనబడేది ఇదే. మామూలు పిల్లచేష్టలో వాళ్ళకు దురుద్దేశం కనబడుతుంది. మూడేళ్ళ పిల్లకు ఎవరినైనా సాధించేంత పన్నాగం ఉండదని మామూలుగా అందరికీ తెలుసు. ఆ నిమిషంలో తెలియదు, ఎందుకంటే తెలియాల్సిన మెదడు ముందుభాగం అప్పటికి పక్కకు తప్పుకుని ఉంటుంది.

దానికి నిద్రలేమి, ఈఎంఐ టెన్షన్, తాగొచ్చే భర్త, పొద్దున్నే అత్తగారన్న మాట తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద అని సామెత చెప్పినవాళ్ళు ఆ దుత్త చాలా ఇళ్ళల్లో నాలుగేళ్ళ పిల్ల అని చూసే చెప్పారేమో.

ఇప్పుడు నా సంగతి. పాప పుట్టినప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, చెయ్యెత్తనని. నిలబెట్టుకున్నాను. నాలుగేళ్ళు నిండే దాకా నా గురించి నాకు గొప్పగానే ఉండేది. ఒకరోజు రాత్రి అన్నాలు తింటుండగా మా ఆవిడ నెమ్మదిగా అంది, "ఏవండీ, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. మీరొచ్చే టైముకి లిఫ్టు తలుపు చప్పుడైతే చాలు, ఇది గబగబా బొమ్మలన్నీ సర్దేస్తోంది. నేను చెప్పకుండానే." నాకు ముద్ద దిగలేదు. నేను కొట్టలేదు. కానీ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో బొమ్మ కాలికి తగిలితే నా గొంతు ఎలా ఉండేదో నేనెప్పుడూ వినలేదు. నా కూతురు వింది. నా స్కూటరు స్టాండు దానికి లిఫ్టు తలుపైంది.

'నేను కొట్టలేదు కదా' అని ఊరుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలనే ఇంత రాస్తున్నాను. పిల్లవాడి ఒంట్లోకి దిగేది బెత్తం ఒక్కటే కాదు. కొందరు అరుస్తారు. కొందరు అరవరు, మాటా ఉండదు, తమ తండ్రిలాగే గదిలో టీవీ ముందు కూర్చుండిపోతారు. కొందరిది పూర్తిగా ఎదురు దారి. తాము పడ్డది బిడ్డ పడకూడదని దేనికీ 'వద్దు' అనలేరు. బిడ్డ ముఖం చిన్నబోతే తాము విలన్లమయ్యామని కంగారుపడి ఫోను చేతిలో పెట్టేస్తారు. అడ్డూ అదుపూ లేని ఇంట్లో కూడా పిల్లకు భద్రంగా అనిపించదు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొట్టకుండా గట్టిగా చెప్పడం ఎలా ఉంటుందో వాళ్ళకు ఎవరూ చేసి చూపించలేదు.

లైంగిక హింసకు గురైన ఆడపిల్లలు తల్లులయ్యాక పడే వేదన గురించి మనం అసలు మాట్లాడం. బిడ్డకు పాలివ్వడం, నీళ్ళు పోయడం, బట్టలు మార్చడం లాంటి ముచ్చటైన పనులే కొందరికి ఊపిరాడని పనులవుతాయి. ఇంటికొచ్చే ఏ మగమనిషి ఒళ్ళోనూ బిడ్డను కూర్చోనివ్వరు. తనకు ఏ వయసులో ఆ దారుణం జరిగిందో, కూతురికి ఆ వయసు రాగానే ఏళ్ళ తరబడి అణిగి ఉన్నదంతా పైకి లేస్తుందని మానసిక వైద్యులు చెబుతారు. చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం 'పిల్ల విషయంలో ఈవిడకి చాదస్తం' అని కనబడుతుంది. అలాంటి తల్లిని చూస్తే, చాదస్తం అనే ముందు ఒక్క క్షణం ఆగండి.

ఇదంతా రక్తంలో ఉందా, పెంపకంలో ఉందా అని అడుగుతారు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. పిల్లల్ని బాగా నాకి సాకే తల్లి ఎలుకలుంటాయి, అంతగా పట్టించుకోనివీ ఉంటాయి. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లల్ని తీసి బాగా సాకే తల్లి దగ్గర పెంచితే, అవి పెద్దయ్యి బాగా సాకే తల్లులే అయ్యాయి. జన్యువులు పనిచేసే తీరులోనే ఆ స్పర్శ మార్పు తెచ్చిందని తర్వాత తేలింది. మనుషులు ఎలుకలు కారు, ఇంతకు మించి సాగదీయను.

మరి ఆ నలభైమంది ఏం చేశారు? గొలుసు ఎక్కడ తెగింది?

అమెరికాలోని మిన్నెసోటాలో 1970ల నుంచి పేద తల్లులను, బిడ్డలను ఏళ్ళ తరబడి గమనించారు. ఎగెలాండ్ బృందం 1988లో రాసినదాని ప్రకారం, చిన్నప్పుడు హింస పడి కూడా బిడ్డలను చక్కగా పెంచిన తల్లుల్లో మూడు విషయాలు ఎక్కువగా కనబడ్డాయి. బాల్యంలో ప్రేమగా చూసిన పెద్ద మనిషి ఎవరో ఒకరు ఉండటం. ఎప్పుడో ఒకప్పుడు మనసు విప్పి చికిత్స తీసుకోవడం. ఆసరాగా నిలిచే జీవిత భాగస్వామి దొరకడం.

మొదటిది చదవగానే నాకు పక్కవాటా పిన్ని గుర్తొచ్చింది. చుట్టమేం కాదు, మా వరస అలా కుదిరింది. మా ఇంట్లో రాత్రి గొడవ మొదలైతే ఆవిడ తలుపు కొట్టేది. "అన్నయ్యగారూ, కాస్త పంచదార ఉంటే పెట్టండి." రాత్రి పదకొండింటికి పంచదార! పరాయి ఆడమనిషి గుమ్మంలో నిలబడితే నాన్న చెయ్యి దించేవాడు. అమ్మ లోపలికెళ్ళి గ్లాసుడు పంచదార తెచ్చేది. పిన్ని వెంటనే వెళ్ళేది కాదు, నా వంక చూస్తూ "బాబు పడుకోలేదేటి ఇంకా, పొద్దున్న బడి లేదేటి" అనేది. ఇరవై ఏళ్ళ తర్వాత ఒకసారి కలిసినప్పుడు అడిగాను, ఆ పంచదారంతా ఏం చేసేవారని. "మళ్ళీ మీ అమ్మకే ఇచ్చేసేదాన్ని నాయనా, పొద్దున్నే" అంది. ఆవిడకు ఏ పరిశోధనా తెలియదు. జరుగుతున్నది తప్పని చూసిన మనిషి ఒకరున్నారని, ఆ తప్పు నాది కాదని నాకు తెలిసింది ఆ పంచదార గ్లాసు వల్ల. మీ అపార్ట్‌మెంట్‌లో గోడ అవతల పిల్ల ఏడుపు వినబడితే మనకెందుకులే అనుకోకండి. తలుపు కొట్టండి, ఏదో ఒకటి అడగండి.

రెండో విషయం ఇంకాస్త లోతైనది. 1975లో సెల్మా ఫ్రైబర్గ్, ఆమె సహచరులు అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో చూసిన ఒక చిన్న వయసు తల్లి గురించి రాశారు. ఒళ్ళో బిడ్డ వెక్కివెక్కి ఏడుస్తున్నా ఆ తల్లికి వినబడనట్టే ఉండేది. తన చిన్ననాటి సంగతులు అడిగితే చెప్పేది, కానీ వేరెవరి కథో చెబుతున్నట్టు, గొంతులో తడి లేకుండా. వాళ్ళు ఆమెకు బిడ్డను ఎత్తుకోమని పాఠం చెప్పలేదు. ఆమె మాట విన్నారు. చాలా రోజులకు ఆమెకు అప్పటి దుఃఖం తన్నుకొచ్చింది, ఏడ్చింది. ఆ తర్వాత తనంతట తానే బిడ్డను గుండెకు హత్తుకోవడం మొదలుపెట్టింది. తన ఏడుపు ఒకరు విన్నాకే ఆమెకు బిడ్డ ఏడుపు వినబడింది. ఫ్రైబర్గ్ గమనించింది ఏమిటంటే, హింసను మళ్ళీ చేసేవాళ్ళు జరిగినదాన్ని మరచిపోరు. బెల్టు గుర్తుంటుంది, తేదీతో సహా గుర్తుంటుంది. మరచిపోయేది అప్పటి బాధను. 'కొట్టేవాడు, అయితే ఏంటి, బాగానే ఉన్నానుగా' అని నవ్వుతూ చెప్పే మనిషికి తన భయం గుర్తుండదు. గుర్తుంటే ఎదురుగా ఉన్న పిల్ల కళ్ళల్లో అదే భయం కనబడేది.

ఇందాకటి 49 మందిలోనూ ఇదే తేడా కనబడింది. హింసను మళ్ళీ చేయనివాళ్ళు తమకు జరిగింది వివరంగా చెప్పగలిగారు, దాని మీద తమకున్న కోపాన్నీ దాచుకోలేదు. మనవాళ్ళు వెంటనే చెప్పే సలహా ఏమిటి? 'అయిందేదో అయింది, కన్నవాళ్ళను క్షమించెయ్'. క్షమించడం ఎవరిష్టం వారిది. కానీ 'తప్పు జరిగింది, నొప్పి పుట్టింది' అని ఒప్పుకోకముందే క్షమించమంటే, ఆ మనిషి నోరు రెండోసారి నొక్కినట్టే అవుతుందని నా గట్టి నమ్మకం.

అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 1998లో తొలి ఫలితాలు ప్రచురించిన ప్రఖ్యాత అధ్యయనం గురించి చాలామంది వినే ఉంటారు. శాన్‌డియేగోలో రెండు విడతల్లో కలిపి 17,000 మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనం, బాల్యంలో పడ్డ కష్టాలను ప్రశ్నలతో అడిగి, ఒక్కో రకానికి ఒకటి లెక్కన స్కోరు కట్టి, అవి పెద్దయ్యాక గుండెజబ్బు దాకా ఎలా వెంటాడతాయో చూపించింది. ఇప్పుడు ఆ ప్రశ్నలను ఫోన్లో నింపి 'నా స్కోరు ఆరు' అని కుంగిపోయేవాళ్ళున్నారు. ఆ స్కోరుతో ఒక్కో మనిషి భవిష్యత్తు తేల్చకూడదని 2020లో ఆండాయే రాశారు. పంచదార పిన్ని ఆ స్కోరులో ఎక్కడా ఉండదు.

లిఫ్టు సంగతి తెలిశాక నేను రోజులకు రోజులు మథనపడ్డాను. ఒక స్నేహితుడి బలవంతం మీద కౌన్సెలింగుకు వెళ్ళాను. మొదటి మూడుసార్లు నవ్వుతూనే చెప్పాను, స్కూటరు గురించి, ఎక్కం గురించి. నాలుగోసారి ఆ డాక్టరమ్మ, "అప్పుడు మీ పాదాలు ఎలా ఉండేవి?" అని అడిగింది. చల్లగా, అన్నాను. ఆ ఒక్క మాట దగ్గర ఏడుపు ఆగలేదు. దుప్పట్లో పాదాలు చల్లబడేవని ముప్పై ఏళ్ళుగా నాకే గుర్తులేదు.

ఇంట్లో చేసిన మార్పులు చిన్నవి. ఆఫీసు నుంచి వచ్చాక పార్కింగులో బండి మీదే రెండు నిమిషాలు కూర్చుంటాను, ఊపిరి సర్దుకునే దాకా. గొంతు లేస్తోందని నాకంటే ముందు మా ఆవిడకు తెలుస్తుంది. 'మంచినీళ్ళు తాగుతారా' అంటుంది, అది మా ఇద్దరి మధ్యా గుర్తు. లేచి వెళ్ళిపోతాను. అయినా కొన్నిసార్లు అరుస్తాను. అరిచినప్పుడు తర్వాత పాప పక్కన నేల మీద కూర్చుని, "నాన్న అరిచాడు, అది నాన్న తప్పు, నీది కాదు" అని చెబుతాను. మొదటిసారి అలా చెప్పడానికి గంట పట్టింది. నాకు తెలిసిన తండ్రులెవరూ పిల్లలకు సారీ చెప్పలేదు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు తల్లీబిడ్డల వీడియోలను క్షణం క్షణం విడదీసి చూస్తే, ప్రేమగా ఉండే జంటలకు కూడా చాలాసేపు శ్రుతి కుదరదని, తప్పి మళ్ళీ కలుసుకుంటూ ఉంటారని తేలింది. బిడ్డకు ధైర్యాన్నిచ్చేది ఆ మళ్ళీ కలుసుకోవడమే అంటాడు ఆయన. తప్పే చేయని తండ్రి కావాలేమోనని భయపడే నాకు అది చాలా ఊరట.

విశాఖలో సాయానికి ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పాలి. ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. 2022 అక్టోబరులో మొదలైంది. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆస్పత్రి పేరు చెబితేనే వెక్కిరించే అలవాటు మన ఊళ్ళో ఉంది, ఆ వెక్కిరింతకు జడిసి ఎంతమంది తల్లులు గడప దాటలేదో. పిల్లలెవరైనా ప్రమాదంలో ఉంటే 1098. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. పిల్లల పట్ల క్రూరత్వానికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇంట్లో కొట్టడాన్ని పూర్తిగా నిషేధించిన చట్టం మనకింకా లేదు. స్వీడన్ 1979లోనే తెచ్చుకుంది.

చట్టం కంటే నాకు ఆశ కలిగించేది వేరొకటి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. కడుపుతో ఉన్న పేద ఆడపిల్లల ఇళ్ళకు నర్సులు వెళ్ళేవారు. బిడ్డకు రెండేళ్ళు వచ్చే దాకా వెళ్తూనే ఉండేవారు. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, నర్సులు వెళ్ళిన ఇళ్ళల్లో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కేసులు దాదాపు సగానికి తగ్గాయి. భార్యను విపరీతంగా కొట్టే ఇళ్ళల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు. మనకు ఆశా కార్యకర్తలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు. జాలరిపేట ఇరుకు సందుల్లో కూడా ప్రతి గర్భిణి ఇంటికీ దారి తెలిసినవాళ్ళు. బరువు చూస్తారు, టీకా తేదీ రాస్తారు, ఐరన్ మాత్రలిస్తారు. 'నిన్ను చిన్నప్పుడు ఎలా చూసేవారమ్మా' అని అడగడానికి ఆ కార్డులో గడి లేదు. ఆ ప్రశ్న అడిగి, జవాబు వినగలిగే శిక్షణ వాళ్ళకిచ్చి, దానికి తగ్గ జీతమూ ఇవ్వాలి.

ఇంకొక్క విషయం. మనదేశంలో ఈ చిక్కుకు ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. కొట్టిన మనిషి దూరంగా ఎక్కడో ఉండడు, మనతోనే ఉంటాడు. నాన్న రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నాడు. వేసవిలో రోడ్డు పక్కన తాటికాయలు కొట్టించుకుని వచ్చి, మనవరాలికి ముంజల మీద పొర ఒలిచి ఒక్కొక్కటే నోట్లో పెడతాడు. అవే చేతులు. చూస్తుంటే సంతోషమేస్తుంది, అదే నిమిషంలో గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నాకెందుకు దొరకలేదు ఈ మనిషి? షిఫ్టులు, అప్పులు, ఆయన్ని ఆయన తండ్రి పొలంలో చర్నాకోలుతో కొట్టిన సంగతి, అన్నీ ఇప్పుడు తెలుసు. తెలిసినా అడ్డుపడుతుంది. పాపను ఆయన దగ్గర ఒంటరిగా వదలడానికి మొదట్లో నాకు ధైర్యం చాలలేదు. 'నా కూతురి మీద చెయ్యెత్తకూడదు, గొంతెత్తకూడదు' అని ఒకరోజు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన నేల చూపులు చూస్తూ తలూపాడు. అంతకుమించి మా మధ్య ఆ మాట రాలేదు.

మొన్న రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. హాల్లో పాప తాత ఎదుట కూర్చుని ఎక్కాలు అప్పజెబుతోంది. ఏ ఎక్కమో మొదట పట్టించుకోలేదు. పదమూడు ఆరులు డెబ్భై ఎనిమిది, పదమూడు ఏడులు తొంభై ఒకటి. అక్కడ ఆగింది. నేను పంపు కట్టేశాను. పదమూడు ఎనిమిదులు... పదమూడు ఎనిమిదులు... కాసేపు ఏ చప్పుడూ లేదు. నాన్న గొంతు వినబడింది.

"పర్లేదమ్మా. రేపు చెబుదువుగానిలే."

నేను చెయ్యి తుడుచుకోకుండానే హాల్లోకి వచ్చాను. పాప అప్పటికే లేచి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. నాన్న నన్ను చూసి, చూపు తిప్పుకోలేదు.